నల్లదిండు కాదమ్మా, మా నేరేడు

మూడేళ్ళ క్రితం, రెండు నెలలు నిండిన కుక్కపిల్ల మా ఇంటికి వచ్చిన రాత్రి, సోఫా మూల ముడుచుకుని నిద్రపోతున్న దాన్ని ట్యూబులైటు వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి రాజమండ్రిలో ఉన్న మా అమ్మకు పంపాను. రెండు నిమిషాలైనా గడవకముందే అమ్మ ఫోన్ చేసి, "కుక్కపిల్ల వచ్చిందన్నావు, నల్లదిండు ఫొటో పంపావేమిటే?" అని అడిగింది. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, తర్వాత ఆ ఫొటో తెరిచి చూస్తే ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ కనిపించలేదు. కళ్ళు లేవు, మూతి లేదు, చెవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. లేతరంగు సోఫా మీద నల్లటి ముద్ద ఒకటి ఉంది, అంతే.

ఆ ముద్ద పేరు నేరేడు. పేరు మా అమ్మాయి పెట్టింది. డాష్‌హండ్ జాతి కుక్క. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, కనుబొమల చోట రెండు చుక్కలూ, మూతికి అటూ ఇటూ, పాదాల మీదా మాత్రం కాల్చిన ఇటుక రంగు. పూర్వం జర్మనీలో బొరియల్లో దాగే బ్యాడ్జర్ అనే జంతువును వేటాడడానికి పెంచిన జాతి కనుక దీని కాళ్ళు పొట్టి, వెన్ను పొడుగు. నిలబడితే భుజం నేల నుంచి జానెడు ఎత్తున ఉంటుంది, బరువు 8 కిలోలు. ఇంట్లో పెరిగే చిన్న కుక్కను ఫొటో తీయడంలో ఉన్న కష్టాలన్నీ దీని దగ్గర ఒక్కసారే ఎదురవుతాయి. రంగు నలుపు, ఎత్తు నేలబారు, స్వభావం క్షణం కుదురుగా ఉండనిది, ఇల్లు హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. ఈ మూడేళ్ళలో దీన్ని కొన్ని వేల ఫొటోలు తీసి ఉంటాను. పదిమందికీ చూపించదగినవి అరవైకి మించవు. ఆ అరవై ఎలా కుదిరాయో, మిగతావి ఎందుకు చెడ్డాయో ఆలోచిస్తే, నేను ఫొటోగ్రఫీ నేర్చుకున్న దానికంటే నేరేడు దినచర్య నేర్చుకున్నదే ఎక్కువ పనికొచ్చిందనిపిస్తుంది.

ముందు నలుపు సంగతి. ఎదురుగా ఉన్నది నల్లకుక్కో తెల్లగోడో కెమెరాలోని కొలమానానికి తెలియదు. తన ముందున్న దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందన్న లెక్కతోనే అది వెలుతురును కొలుస్తుంది. ఇప్పటి ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి ఈ లెక్కను కొంత సవరించుకుంటాయి గానీ, మూలంలో పద్ధతి అదే. అందువల్ల ఫ్రేము నిండా నేరేడు ముఖమే ఉంటే, చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు మోతాదు, పెంచేస్తుంది; నలుపు కాస్తా పాత గొడుగుగుడ్డలా వెలిసిపోయి, వెనకనున్న బాల్కనీ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. అదే నేరేడు దూరంగా చిన్నగా ఉండి, చుట్టూ తెల్ల టైల్సో లేతరంగు సోఫానో ఎక్కువగా ఉంటే, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మా అమ్మకు చేరిన నల్లదిండు అలా తయారైనదే.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఫోనులో అయితే కుక్క ముఖం మీద వేలు నొక్కి పట్టుకోవాలి. చాలా ఫోన్లలో అక్కడ ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ బిగుసుకుంటాయి. ఆ తర్వాత పక్కనే కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరుపుతూ, నలుపు నలుపులా కనిపించిన చోట ఆపాలి. కెమెరాలో అయితే ముఖం దగ్గరగా తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే కెమెరా వేసిన వెలుతురు లెక్కను మనం సవరించే అంకెను, మైనస్ 0.7 దగ్గర పెట్టుకుంటాను. తెల్లటి నేల ఎక్కువగా కనిపించే ఫొటోకు ప్లస్ 0.7 దాకా పెంచుతాను. మా పక్కవాటాలో ఉన్న తెల్లకుక్కకు ఈ లెక్క తలకిందులవుతుంది. (మన ఊళ్ళలో అందరూ పొమేరియన్ అని పిలిచే తెల్లకుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి; పక్కింటి పిన్నిగారి ముందు మాత్రం ఈ మాట అనే ధైర్యం నాకు లేదు.) దాని ముఖం ఫ్రేము నింపితే కెమెరా దాన్ని మురికి తెలుపుగా మార్చేస్తుంది కనుక కొంచెం పెంచాలి, అయితే ఎండ పడుతున్న చోట బొచ్చు ఒక్కసారి పూర్తిగా తెల్లబారిపోయిందంటే, ఆ వెంట్రుకల వివరం తర్వాత ఏ సవరణతోనూ తిరిగి రాదు. నలుపులో దాగిన వివరాన్ని కొంతవరకైనా పైకి లాగవచ్చు.

ఎక్స్‌పోజర్ సరిచేసుకున్నాక కూడా నా ఫొటోల్లో నేరేడు చదునుగానే ఉండేది. నలుపు నలుపుగా వచ్చేది గానీ కుక్క వచ్చేది కాదు. కారణం ఒక గుడిలో తట్టింది. గర్భగుడిలో నల్లరాతి మూలవిరాట్టును బయట నిలబడి చూస్తే, అలంకారం తప్ప ముఖం సరిగా ఆనదు. పూజారి హారతి వెలిగించి, పళ్ళాన్ని విగ్రహానికి ఒక పక్కగా పైకెత్తగానే ముక్కు గీత, చెంప వంపు, కంటి రెప్ప ఒక్కొక్కటే బయటపడతాయి. అక్కడ వెలుతురు పెరిగింది కొద్దిగానే. అది వచ్చిన దిక్కు మారింది. నల్లటి నున్నటి వస్తువుకు ఆకారాన్నిచ్చేది దాని మీద మెరిసే మెరుపే. ఎదురుగా నెత్తి మీద వెలిగే ట్యూబులైటు ఆ మెరుపును నడినెత్తిన ఒక చారలా పెట్టి వదిలేస్తుంది. పక్క నుంచి, వెడల్పుగా, మెత్తగా వచ్చే వెలుతురు మాత్రం నుదురు నుంచి ముక్కు చివరి దాకా ఆ మెరుపును పరుస్తుంది.

మా ఇంట్లో అటువంటి వెలుతురు దొరికే చోటు ఒక్కటే. హాలుకు తూర్పు వైపున ఉన్న బాల్కనీ తలుపు దగ్గర, గడప నుంచి లోపలికి రెండడుగుల దూరంలో, చాప పరిచేంత స్థలం. ఉదయం ఏడింటికి అక్కడ ఎండపొడ పడుతుంది. నేరేడు ఆ సమయానికి తనంతట తానే వచ్చి, రెండు చుట్లు తిరిగి, ముందుకాళ్ళు చాచి పడుకుంటుంది. మొదటి ఏడాదంతా నేను ఈ సంగతి గమనించక, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని ఎత్తుకెళ్ళి దీపాల కింద కూర్చోబెట్టి, పేరు పెట్టి పదిసార్లు పిలిచి, విసుగెత్తి వదిలేసేదాన్ని. ఒక ఆదివారం కాఫీ తాగుతూ ఊరికే చూస్తూ కూర్చున్నప్పుడు, నేను సాయంత్రమంతా వెతికేది ఉదయం పూట నా కాళ్ళ దగ్గరే ఉందని అర్థమైంది. ఆ రోజు నుంచి నేరేడును వెలుతురు దగ్గరకు పిలవడం మానేశాను. అది వెళ్ళే వెలుతురు దగ్గరకు నేనే ముందు వెళ్ళి కూర్చుంటున్నాను.

ఆ చోటు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అరవై ఫొటోల్లో నలభైకి పైగా అక్కడివే. ఎండ నేరుగా ముఖం మీద పడితే సగం ముఖం మెరిసి, సగం చీకట్లో మునిగిపోతుంది. తలుపుకు పల్చటి తెల్ల తెర వేస్తే అదే ఎండ తెరంతా పరుచుకుని, తలుపే ఒక పెద్ద దీపమవుతుంది. తెర లేని రోజు, ఎండపొడ పక్కకు జరిగే దాకా ఆగుతాను. పొడ పక్కనే ఉన్న నీడలో వెలుతురు చాలా బాగుంటుంది. తలుపు నుంచి ఐదారడుగులు లోపలికి పోతే కంటికి పెద్ద తేడా తెలియదు గానీ, కెమెరా ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే చురుకుదనాన్ని చెప్పే అంకె) మూడు నాలుగు రెట్లు పెరిగిపోయి, నల్లటి ఒంటి మీద రంగురంగుల గరుకు తేలుతుంది. చలికాలంలో పొడ చాలాసేపు నిలిచి హాలు మధ్య దాకా సాగుతుంది. ఎండాకాలంలో ఏడున్నరకే నేల వేడెక్కి, నేరేడు లేచి బాత్‌రూమ్ గుమ్మంలో చల్లటి రాయి మీద పడుకుంటుంది. ఆ నెలల్లో నాకు దక్కేది పావుగంట.

వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది కనుక రెండో పక్క చెంప చీకటిగా ఉండిపోతుంది. అటువైపు తెల్లటిదేదైనా నిలబెడితే అది వెలుతురును తిప్పికొట్టి ఆ చెంపను కొంచెం తేరుస్తుంది. పుస్తకాల దుకాణంలో దొరికే థర్మోకోల్ షీటు ఇందుకు బాగా పనికొస్తుందని చదివి, ఒకటి కొని తెచ్చి నేరేడు పక్కన నిలబెట్టాను. నేను కెమెరా అందుకునేలోపు అది షీటు మూల కొరికి, తల విదిలించి, మిగతా షీటును కాళ్ళతో గీరి, ఒళ్ళంతా తెల్లటి పూసలతో కూర్చుని నా వైపు చూసింది. ఆ పూసలు ఏరడానికి గంట పట్టింది, ఒక్కటి కూడా కడుపులోకి పోలేదని నమ్మకం కుదరడానికి ఇంకో రోజు పట్టింది. ఇప్పుడు మా నాన్నగారి పాత తెల్లపంచెను కుర్చీ మీద ఆరేసి వాడుతున్నాను. దాన్ని కూడా లాగుతుంది గానీ ప్రమాదం లేదు. తెల్లటి టైల్స్ నేల కింది నుంచి గడ్డానికి అదే సాయం చేస్తుంది. నల్లటి కడపరాయి పరిచిన పాత ఇళ్ళలో ఆ సాయం దొరకదు కనుక అక్కడ కింద ఒక లేతరంగు దుప్పటి పరచాలి.

ఇంత కష్టమూ అసలు కంటి కోసం. నల్లటి ముఖంలో నల్లటి కన్ను ఎక్కడుందో చెప్పేది అందులో మెరిసే వెలుగు చుక్క ఒక్కటే. నేరేడు తల తలుపు వైపు కొద్దిగా తిరిగినప్పుడు ఆ చుక్క వస్తుంది, వంచినప్పుడు పోతుంది. షటర్ నొక్కే ముందు నేను చూసేది ఆ చుక్క ఉందా లేదా అన్నదే.

ఇక ఎత్తు. నిలబడి తీసిన ఫొటోల్లో చిన్న కుక్క ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: పెద్ద తల, ఆ కింద ఎక్కడో కుదించుకుపోయిన కాళ్ళు, బతిమాలుతున్నట్టున్న చూపు. అది మన కళ్ళకు రోజూ కనిపించే కుక్కే గనుక ఆ ఫొటోలో కొత్తదనమేమీ ఉండదు. ఎలియట్ ఎర్విట్ అనే ఫొటోగ్రాఫర్ 1974లో న్యూయార్కులో తీసిన ఒక ఫొటోలో, అల్లిన టోపీ పెట్టుకున్న చివావా కుక్క ఒకటీ, దాని పక్కన ఒక ఆడమనిషి బూట్లూ, ఆ పక్కన గ్రేట్‌డేన్ కుక్క పొడవాటి ముందుకాళ్ళూ మాత్రమే ఉంటాయి. మనిషీ పెద్దకుక్కా మోకాళ్ళ పైన ఫ్రేములోకి రారు. ఫొటో మొత్తానికి ముఖమున్నది ఆ జానెడు కుక్కకే. కెమెరా నేలకు దిగకపోతే ఆ ఫొటో లేదు. నేను కూడా చాప పరుచుకుని, మోచేతులు ఆనించి, బోర్లా పడుకుంటాను. పాలప్యాకెట్లు వేసే అబ్బాయి తెరిచి ఉన్న తలుపులోంచి రెండుసార్లు నన్ను ఆ భంగిమలో చూశాడు, ఏమీ అడగలేదు. అలా పడుకోలేనివాళ్ళకు సులువైన మార్గం ఒకటుంది: ఫోనును తలకిందులుగా పట్టుకుంటే పై మూలనుండే లెన్సు నేలకు అంగుళం దూరానికి దిగుతుంది. డాష్‌హండ్‌కు అది చాలు. ఫొటో తర్వాత తిప్పుకోవచ్చు.

నేలకు దిగాక చేసే తప్పు మరీ దగ్గరకు జరగడం. ఫోనులోని మామూలు లెన్సు వెడల్పాటిది; దానితో అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు వంకాయంత పెద్దదై, కళ్ళు వెనక్కు, చెవులు ఇంకా వెనక్కు పారిపోతాయి. పొడుగుమూతి కుక్కకు ఈ వికారం మరీ ఎక్కువ. నాలుగైదు అడుగులు వెనక్కు జరిగి, ఫోనులో రెండు రెట్ల జూమ్ వాడితే ముఖం మనకు తెలిసిన పొందికలో వస్తుంది. దగ్గరకు వెళ్తే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నేరేడు వచ్చి లెన్సును మూచూస్తుంది. దాని తడిముక్కు ముద్ర పడిన లెన్సుతో, తెలియక, ఒక ఉదయమంతా మంచు పట్టినట్టున్న ఫొటోలు తీశాను. అప్పటి నుంచి తీసేముందు పమిట చెంగుతో తుడుచుకోవడం అలవాటైంది.

నా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి, దానికి 50 ఎం.ఎం. లెన్సు ఒకటి ఉన్నాయి. ఆ లెన్సును ఎఫ్ 1.8 దాకా తెరవవచ్చు (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు తెరుపు పెరుగుతుంది) కనుక వెనకనున్న గందరగోళమంతా మెత్తగా కరిగిపోతుందని మురిసిపోయి, మొదట్లో అన్నీ అలాగే తీశాను. ఒక మీటరు దూరంలో ఆ తెరుపు దగ్గర స్పష్టంగా వచ్చే మందం మూడు సెంటీమీటర్లే. నేరేడు మూతి పొడవు పదికి తక్కువ లేదు. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు మసక, ముక్కు మీద పడితే కళ్ళు మసక. ఇప్పుడు ఎఫ్ 4 దగ్గర తీస్తున్నాను. అప్పటికీ ముక్కు కొన కొంచెం మెత్తబడుతుంది, అయినా ఫర్వాలేదు. 2019 నుంచి వస్తున్న కొత్త కెమెరాల్లో జంతువుల కళ్ళను వెతికి పట్టుకునే ఫోకస్ ఉంటోంది. బంధువుల అబ్బాయి తెచ్చినదాన్ని ఒక పూట వాడి చూశాను. పక్కింటి తెల్లకుక్క కన్ను అది క్షణంలో పట్టింది. నేరేడు దగ్గర మాత్రం వెలుగు చుక్క ఉన్నప్పుడే పట్టింది, లేనప్పుడు గోధుమరంగు కనుబొమనే కన్ననుకుంది. ఫోనులో వెనక భాగాన్ని తనంతట తానే మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ సంగతి చెప్పనవసరం లేదు. వేలాడే చెవి అంచునూ మూతి వెంట్రుకలనూ కత్తిరించి పారేస్తుంది.

కదలిక గురించి నాకు తెలిసింది కొంచెమే. కూర్చున్న కుక్క కూడా తల ఆడిస్తూనే ఉంటుంది కనుక షటర్ వేగం సెకనులో 250వ వంతు కన్నా తగ్గకూడదు. స్నానం చేయించి వదిలాక హాలంతా చేసే పిచ్చిపరుగుకు 1000వ వంతు కావాలి. రాత్రిపూట ఎల్‌ఈడీ దీపాల కింద అంత వేగం పెడితే కొన్నిసార్లు ఫొటో మీద అడ్డంగా చీకటి చారలు పడతాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. నాసిరకం దీపాలు దానికి రెట్టింపుగా, సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి కనిపించని ఆ మినుకును వేగంగా మూసుకునే షటర్ పట్టేస్తుంది. వేగాన్ని 100వ వంతుకు దించితే చారలు పోతాయి, కుక్క అలుక్కుపోతుంది. ఫోనులో నైట్ మోడ్ పెడితే అది సెకను పైగా ఆగి తీస్తుంది, నిద్రపోతున్న కుక్కకు తప్ప దేనికీ పనికిరాదు. అందుకే రాత్రిపూట తీయడమే మానేశాను. ఉదయం మాత్రం వరసగా పదీ పదిహేను తీసే బర్స్ట్ పద్ధతి వాడి, అదే రోజు కూర్చుని ఒకటి ఉంచి మిగతావి తీసేస్తాను. రేపు చూద్దామని వదిలేస్తే ఇక ఎప్పటికీ చూడం.

ఫ్లాష్ వాడవద్దు. కుక్క కంట్లో రెటీనా వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటుంటుంది, చీకట్లో చూపు ఆనడానికి. ఫ్లాష్ వెలుతురు దాని మీద పడి తిరిగి వచ్చి, కళ్ళు పచ్చటి గోళీల్లా వెలుగుతాయి. నల్లకుక్క ఫొటోలో ఆ రెండు గోళీలు తప్ప ఇంకేమీ మిగలదు.

చూపు నిలపడానికి శబ్దాన్ని మించిన సాధనం లేదు. మా తాతగారింట్లో గ్రామఫోన్ రికార్డుల మీద బాకా ముందు తల పక్కకు వాల్చి వింటున్న కుక్క బొమ్మ ఉండేది. అది నిప్పర్ అనే నిజమైన కుక్క. 1895లో అది చనిపోయాక దాన్ని పెంచిన ఫ్రాన్సిస్ బరాడ్ ఆ బొమ్మ వేశాడు. ముందు దాని ఎదుట మైనపు స్థూపాల ఫోనోగ్రాఫ్ ఉండేదట, 1899లో ఆయనే దాన్ని చెరిపి గ్రామఫోన్ దిద్దాడు. ఆ వాల్చిన తలే ప్రతి కుక్క యజమానికీ కావలసిన ఫొటో. ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టని కొత్త శబ్దం విన్నప్పుడు కుక్క అలా తల వాలుస్తుంది. చిక్కేమిటంటే ఆ శబ్దం మూడుసార్లకు మించి కొత్తగా ఉండదు. నాలుక చప్పరించడం, స్టీలు గ్లాసు మీద గోరు మీటడం, గాలి బుడగ రుద్దడం, అన్నీ ఒక్కో ఉదయానికి ఒక్కోటి ఖర్చు చేసుకున్నాను. కుక్కర్ విజిల్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది, దాని తర్వాత చికెన్ ఉడికిన వాసన వస్తుంది కాబట్టి. బొమ్మతో చూపు తిప్పాలంటే నీలంరంగుదో పసుపుపచ్చదో వాడడం మంచిది. కుక్కల కంట్లో రంగును గుర్తించే కణాలు రెండు రకాలే. ఆకుపచ్చ పట్టా మీద పెట్టిన ఎర్రబంతి మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ వాటికి రెండూ ఇంచుమించు ఒకే మట్టిరంగు.

తినుబండారాలు చూపించి కూర్చోబెట్టడంలో తప్పులేదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ చిన్న ముక్కలు, క్యారెట్ ముక్కలు వాడతాను. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలావిడ, ఫొటోకు సాయం చేద్దామని లడ్డూ చూపించింది. అందులో ఎండుద్రాక్ష ఉంది. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కలకు విషమే. ముక్క పైకెత్తి, వెనకకాళ్ళ మీద నిలబెట్టి నమస్కారం చేయించే ఫొటో చాలామందికి ముద్దుగా ఉంటుందని తెలుసు. డాష్‌హండ్‌ల వెన్నులో డిస్కులు త్వరగా దెబ్బతింటాయి కనుక వాటిని అలా నిలబెట్టకూడదు, సోఫా మీద నుంచి దూకించకూడదు. నేరేడు చిన్నప్పుడు నేనూ ఒక నమస్కారం ఫొటో తీశాను. పశువైద్యుడు చెప్పాక అది తీసేశాను.

కెమెరా ముందు అది ఇబ్బందిపడుతోందని తెలుసుకోవడానికి నాకు ఏడాది పైన పట్టింది. తల పక్కకు తిప్పుకోవడం, తినేదేమీ లేకపోయినా పెదవులు నాకడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ చాలించమని చెప్పడమే. పెద్ద లెన్సు కుక్కకు రెప్ప వేయకుండా తనవైపే చూస్తున్న పెద్ద కన్నులా ఉంటుంది. ఆవలిస్తున్న నేరేడు ఫొటోకు మా కుటుంబం గ్రూపులో అందరూ నవ్వారు. ఇప్పుడు చూస్తే నాకు నవ్వు రాదు. దీపావళి రాత్రి మంచం కింద వణుకుతున్నప్పుడు తీసినదాన్ని అయితే ఎవరికీ పంపలేదు, ఉంచుకోలేదు. ఇప్పుడు కెమెరాను రోజూ ఆ తలుపు దగ్గరే నేల మీద పెడుతున్నాను. అది కూడా చెప్పుల స్టాండులాంటి సామానే అనుకుని పట్టించుకోవడం మానేసింది.

చెప్పుల స్టాండు అన్నాను కనుక, తీసేముందు దాన్ని పక్కకు జరపాలి. బకెట్టు, చీపురు, ఛార్జరు వైరు కూడా. నేరేడు కింద పరచడానికి ఆవపిండి రంగు పాత నేతచీర ఒకటి ఉంది. తెలుపు మీద నేరేడు బొగ్గులా, ముదురు రంగు మీద మాయమైనట్టు ఉంటుంది గానీ, ఆ చీర మీద ఇటుకరంగు కనుబొమలు వెలుగుతాయి.

పోయిన నెల అమ్మ పుట్టినరోజుకు ఆ చీర మీద తీసిన ఫొటో ఒకటి ఎంచి, ఎనిమిది బై పన్నెండు సైజులో ప్రింటు వేయమని మా వీధి చివర స్టూడియోలో ఇచ్చాను. చేతికొచ్చిన ప్రింటులో నేరేడు బూడిదగుమ్మడికాయ రంగులో ఉంది. ముఖం చీకటిగా ఉందని మిషను తనంతట తానే వెలుతురు పెంచిందని అక్కడి అబ్బాయి చెప్పాడు. కెమెరా లోపల ఉన్న మధ్యరకం బూడిదరంగు లెక్కే అక్కడ కూడా నన్ను పట్టుకుంది. కరెక్షన్ ఏమీ లేకుండా మళ్ళీ వేయమన్నాను.

"మేడం, కుక్క మరీ నల్లగా వస్తుంది, తర్వాత నన్ను అనకండి" అన్నాడు.

"నల్లగానే రావాలి బాబూ" అన్నాను.

రెండో ప్రింటు ఫ్రేము కట్టించి రాజమండ్రి పట్టుకెళ్ళాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫ్రేమును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, చాలాసేపు చూసింది. "దీనికి గోధుమరంగు కనుబొమలున్నాయే! నువ్వు ఊరికే చెబుతున్నావనుకున్నాను" అంది. తర్వాత, "ఎటు చూస్తోందే ఇది?" అని అడిగింది.

వంటింటి వైపని చెప్పాను. అప్పుడే కుక్కర్ మూడో విజిల్ వేసింది.